హామిల్టన్ బాటా, జెఫర్సన్ బాటా: తొలినాటి అమెరికాకు ఏది మేలు?

అమెరికా తొలి ప్రభుత్వం గురించి రాసిన ప్రతిసారీ పాఠకులు అడిగే ప్రశ్న ఒకటుంది: అలెగ్జాండర్ హామిల్టన్, థామస్ జెఫర్సన్‌లలో ఎవరి మార్గం మేలైనది? ఒకరు బలమైన కేంద్రాన్నీ బ్యాంకునూ పరిశ్రమలనూ కోరుకున్నారనీ, మరొకరు రాష్ట్రాల హక్కులనూ సొంత భూమి గల రైతునూ నమ్ముకున్నారనీ అందరికీ తెలిసినదే కనుక ఆ వివరాల జోలికి పోను. నా దృష్టిలో ఈ తగవును తేల్చేది సిద్ధాంతం కాదు, అప్పు.

1790 జనవరిలో ఆర్థిక మంత్రిగా హామిల్టన్ కాంగ్రెస్‌కు నివేదిక ఇచ్చేనాటికి స్వాతంత్ర్య యుద్ధం మిగిల్చిన అప్పు కేంద్రం మీద సుమారు 5.4 కోట్ల డాలర్లు, రాష్ట్రాల మీద మరో రెండున్నర కోట్ల దాకా అప్పు ఉన్నాయి. రాష్ట్రాల అప్పును కూడా కేంద్రమే నెత్తికెత్తుకోవాలని ఆయన అన్నప్పుడు, తన బాకీలో చాలా భాగం అప్పటికే తీర్చుకున్న వర్జీనియా, మసాచుసెట్స్ అప్పు మేమెందుకు కట్టాలని నిలదీయడం సహజమే. అంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. ఆ యుద్ధంలో జీతానికి బదులు ప్రభుత్వ అప్పు పత్రాలు పుచ్చుకున్న సైనికులు ఎందరో అవసరం కొద్దీ వాటిని కారుచవకగా అమ్ముకున్నారు; ఇప్పుడు పూర్తి విలువ కొన్నవారి చేతికి వెళ్తుంది. మొదటి హక్కుదారులకూ కొంత వాటా ఇవ్వాలని వర్జీనియా సభ్యుడు జేమ్స్ మాడిసన్ చేసిన ప్రతిపాదన ప్రతినిధుల సభలో 36–13 ఓట్లతో వీగిపోయింది. ఆ సైనికులకు జరిగింది అన్యాయమేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ చేతులు మారిన పత్రం విలువను ప్రభుత్వమే కోసేస్తే, రేపు ఆ ప్రభుత్వ పత్రాన్ని కొనేవారెవరూ ఉండరన్న వాదనకు నాకు జవాబు కనిపించదు. చివరికి ఆ వేసవిలో న్యూయార్క్‌లో జెఫర్సన్ ఇచ్చిన విందులో బేరం కుదిరింది: అప్పు కేంద్రానికి, రాజధాని పోటోమాక్ నది తీరానికి. తాను మోసపోయానని జెఫర్సన్ తరువాత అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్‌కు మొరపెట్టుకున్నారు.

1791లో హామిల్టన్ ప్రతిపాదించిన జాతీయ బ్యాంకు వివాదం కూడా ఇదే తీరున నడిచింది. రాజ్యాంగం స్పష్టంగా ఇవ్వని అధికారం కేంద్రానికి లేదని జెఫర్సన్, ఇచ్చిన అధికారాలను అమలు చేయడానికి తగిన సాధనాలు వాటిలోనే ఇమిడి ఉంటాయని హామిల్టన్ వాదించగా, వాషింగ్టన్ బిల్లుపై సంతకం చేసి బ్యాంకుకు ఇరవై ఏళ్ల గడువు ఇచ్చారు.

ఒక మార్గాన్ని దాని ప్రత్యర్థులు అధికారంలోకి వచ్చాక ఏం చేశారో చూసి కొలవడం న్యాయమని నా అభిప్రాయం. అధ్యక్ష ఎన్నికలో ఆరన్ బర్‌తో ఓట్లు సమానం కావడంతో, 1801 ఫిబ్రవరిలో, ప్రతినిధుల సభ 36వ విడత ఓటింగులో, జెఫర్సన్ అధ్యక్షుడయ్యారు. ఆయన విస్కీ పన్ను ఎత్తేశారు, సైన్యాన్ని తగ్గించారు. ఆయన ఆర్థిక మంత్రి ఆల్బర్ట్ గాలటిన్ ఎనిమిదేళ్లలో అప్పును సుమారు 8.3 కోట్ల నుంచి 5.7 కోట్లకు దించారు. ఇది చిన్న ఘనత కాదు. అయితే బ్యాంకు జోలికి మాత్రం వారు పోలేదు. 1803లో ఫ్రాన్స్ నుంచి లూసియానాను కొన్న ఒకటిన్నర కోట్ల డాలర్లలో 1.125 కోట్లు ఆరు శాతం వడ్డీ బాండ్ల రూపంలోనే చెల్లించారు. లండన్‌లోని బేరింగ్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని హోప్ సంస్థలు ఆ బాండ్లను తీసుకుని నెపోలియన్‌కు సొమ్ము ముట్టజెప్పాయి. జెఫర్సన్ పాలనలో అతి పెద్ద విజయం హామిల్టన్ నిలబెట్టిన పరపతి మీద సాగిందన్నమాట. పైగా కొత్త భూభాగాన్ని కొనే అధికారం రాజ్యాంగంలో ఎక్కడుందన్న సందేహం జెఫర్సన్‌కే కలిగి, సవరణ తేవాలని తలచి, ఆలస్యమైతే బేరం చెడుతుందేమోనని మానుకున్నారు. ఆరన్ బర్ కన్నా జెఫర్సనే నయమని 1801 జనవరిలో ఒక లేఖలో రాస్తూ, ఈయన ఒకసారి స్థిరపడిన వ్యవస్థలను కూల్చే సాహసం చేసే మనిషి కాదని హామిల్టన్ ముందే అంచనా వేయడం గమనించదగినది.

1811లో బ్యాంకు గడువును కాంగ్రెస్ పొడిగించలేదు. మరుసటి ఏడాదే బ్రిటన్‌తో యుద్ధం వచ్చింది. అప్పు పుట్టక ఖజానా అల్లాడింది. 1816లో రెండో బ్యాంకు చట్టంపై సంతకం చేసిన అధ్యక్షుడు, 1791లో బ్యాంకు రాజ్యాంగ విరుద్ధమని సభలో వాదించిన మాడిసనే.

వాషింగ్టన్ తరువాత అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ సంగతేమిటని కొందరు అడుగుతారు. 1800లో ఫ్రాన్స్‌తో సంధి కుదుర్చుకోవడం ఆయన మంచి పనే, కానీ దానిని ఒక మార్గమని అనలేము. బర్‌కైతే మార్గమన్నదే లేదు.

ఆడమ్స్ కూడా ఉన్న హామిల్టన్ పక్షానికి, అంటే ఫెడరలిస్టులకు, నేను ఓటు వేయలేని చోటు 1798. ప్రభుత్వాన్నీ కాంగ్రెస్‌నూ అధ్యక్షుణ్నీ దూషించే రాతలను నేరంగా మార్చిన రాజద్రోహ చట్టం, అప్పుడు ఉపాధ్యక్షుడిగా ఉన్న జెఫర్సన్‌కు ఆ రక్షణ ఇవ్వనే లేదు. దాని గడువు కూడా ఆడమ్స్ పదవీకాలపు చివరి రోజుకే పెట్టారు. ప్రతినిధుల సభలో వెర్మాంట్ సభ్యుడు మాథ్యూ లయన్ ఆ చట్టం కింద నాలుగు నెలల జైలు అనుభవిస్తూ, జైల్లో ఉండగానే మళ్లీ ఎన్నికయ్యారు. శిక్ష పడినవారిని జెఫర్సన్ అధికారంలోకి వచ్చాక క్షమించారు. కానీ ఆ చట్టానికి విరుగుడుగా కెంటకీ రాష్ట్ర శాసనసభ కోసం ఆయన రహస్యంగా రాసిచ్చిన తీర్మానాల ముసాయిదా, కేంద్ర చట్టం చెల్లదని చెప్పే హక్కు రాష్ట్రానికి ఉందన్నది. 1832లో సౌత్ కరోలినా సుంకాల చట్టాన్ని తిరస్కరించినప్పుడు అక్కడి నాయకులు ఆ వాదననే ఆసరా చేసుకున్నారు. అందువల్ల వాక్ స్వాతంత్ర్యం విషయంలో నా మొగ్గు జెఫర్సన్ వైపే అయినా, దానిని కాపాడేందుకు ఆయన ఎంచుకున్న ఉపాయాన్ని మాత్రం సమర్థించలేను.