కరెంటు పోయినా తెలియనివ్వని ఫ్యాను: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా ఇంట్లో రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు (బ్రష్‌లు లేని డీసీ మోటార్‌తో, తక్కువ కరెంటుతో తిరిగేవి) బిగించి నాలుగేళ్లు దాటింది. ఒకటి హాల్లో, ఒకటి నాన్న గదిలో. బిల్లు తగ్గుతుందనే కొన్నాను, తగ్గింది కూడా. కానీ నాకు అవి అంత నచ్చింది మాత్రం రాత్రిపూట కరెంటు పోయినప్పుడు.

పాత ఫ్యాను ఉన్న రోజుల్లో కరెంటు పోయిందంటే గుయ్‌మని మోత మొదలయ్యేది. మాది పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, అంటే కరెంటును నున్నటి అలలా కాకుండా మెట్లలా ఇచ్చేది, ఆ మోత దానివల్లే. నిద్రపట్టిన నాన్న లేచి కూర్చునేవారు. తెల్లవారేలోపు బ్యాటరీ దిగిపోయేది. బీఎల్‌డీసీ ఫ్యాను అలా కాదు. వచ్చిన ఏసీ కరెంటును లోపలి బోర్డు మీద డీసీగా మార్చుకుని, దాంతో మోటార్ తిప్పుకుంటుంది. ఇన్వర్టర్ ఎలాంటి కరెంటు ఇచ్చినా దానికి పట్టదు. మొదటి వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయిన సంగతే మాకు తెలియలేదు. పొద్దున ఫ్రిజ్ కింద నీళ్లు కనబడ్డాక తెలిసింది. ఆ రాత్రి నాన్న ఒక్కసారి కూడా లేవలేదు. ఆ పొద్దున నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆ ఏడాదంతా ఎవరు అడిగినా, ఇంట్లో ఉన్నవన్నీ మార్చేయండి, ఆలోచించక్కర్లేదు అని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

మూడో ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం దగ్గర్లోనే పిడుగు పడింది. లైట్లు ఒక్కసారి భగ్గున వెలిగి ఆరిపోయాయి. కరెంటు వచ్చాక నాన్న గదిలో ఫ్యాను తిరగలేదు. రెక్క చేత్తో తోస్తే హాయిగా తిరుగుతోంది, రిమోట్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. మూత విప్పితే బోర్డు ఒక మూల నల్లగా మాడి ఉంది, కాలిన వాసన. పాత ఫ్యానుకు ఐదు నిమిషాల్లో కండెన్సర్ మార్చి వెళ్లిపోయే ఎలక్ట్రీషియన్ ఇది చూసి, "ఇది నా చేతిలో లేదండీ, బోర్డు కంపెనీ నుంచే రావాలి" అన్నాడు. వారంటీ అప్పటికే అయిపోయింది. సర్వీస్ వాళ్లకు ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అన్నారు, తర్వాత ఆ మోడల్ బోర్డు స్టాకు లేదన్నారు. మొత్తం 23 రోజులు పట్టింది. మోటార్ చెక్కుచెదరకుండా ఉంది, అరచేతిలో పట్టే బోర్డు కోసం ఫ్యానంతా పనికిరాకుండా పోయింది. ఈ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

బోర్డు వచ్చేదాకా అటక మీది పాత ఫ్యాను దింపి మళ్లీ బిగించాం. ఆ మోత, ఆ బ్యాటరీ టెన్షన్ అన్నీ తిరిగొచ్చాయి. అప్పుడే ఒక లెక్క కూడా తేల్చుకున్నాను. మా మీటరు మీద చిన్న ఎర్ర లైటు మినుకుతూ ఉంటుంది, 3200 సార్లు మినుకితే ఒక యూనిట్. ఇంట్లో అన్నీ ఆపేసి, పాత ఫ్యాను ఒక్కటే ఫుల్ స్పీడులో పెట్టి పది నిమిషాలు లెక్కపెట్టాను. 39 సార్లు. అంటే దాదాపు 73 వాట్లు. తర్వాత హాల్లోది ఒక్కటే పెడితే 17, అంటే 32 వాట్లు. దాన్నే రెండో నంబరులో పెడితే నాలుగంటే నాలుగే. పాత ఫ్యానుకున్న పెద్ద రెగ్యులేటర్‌తో స్పీడు తగ్గిస్తే మిగిలిన కరెంటు కొంత వేడి రూపంలో పోయేది, చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది.

నాన్న రోజంతా ఇంట్లోనే ఉంటారు. ఆయన గదిలో ఫ్యాను 18 గంటలు తిరుగుతుంది. ఫుల్ స్పీడులో అనుకుంటే ఏడాదికి 270 యూనిట్ల దాకా మిగులు. అదే రోజుకు రెండు గంటలు తిరిగే చోటైతే 30 యూనిట్లే. అందుకే ఎవరైనా వస్తే తప్ప తలుపు తీయని గదిలో పాత ఫ్యానే ఉంచేశాను. బీఎల్‌డీసీ మోటార్ ఉన్న వాషింగ్ మెషీన్‌కు కూడా మారలేదు. వేడినీళ్లతో ఉతికే మెషీన్లలో ఎక్కువ కరెంటు పోయేది నీళ్లు కాచడానికే, మేం ఉతికేది చన్నీళ్లతోనే.

మార్చేముందు చూసుకోవాల్సినవి ఇవి: రోజుకు ఎన్ని గంటలు తిరుగుతుంది, కరెంటు ఎంత తరచుగా పోతుంది, పాడైతే బోర్డు ఎక్కడ దొరుకుతుంది. ఈ మూడూ మా ఇంటికి కుదిరాయి, అదీ మూడోది కష్టం మీద. నాన్న వేరేచోట ఉండి, పగలంతా ఇల్లు తాళం వేసి ఉంటే నేను మార్చేవాణ్ణో లేదో.

హాల్లోది ఇంతవరకూ ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. ఉరుము వినబడితే ఇప్పుడు నాన్నే లేచి రెండింటికీ గోడ స్విచ్ ఆపేస్తారు. పాత ఫ్యాను తుడిచి మళ్లీ అటకెక్కించాను, పాత సామాను వాళ్లు అడిగినా ఇవ్వలేదు.