అద్దం ఆపని వెలుగు: రంగు కలిపిన సన్‌స్క్రీన్‌తో 14 నెలలు

ఈ క్రీము మీద నాకున్న ఇష్టానికి కారణం ఒక్కటే, అందులోని రంగు. ఎస్‌పీఎఫ్ 50 అనే అంకె చాలా గొట్టాల మీద కనిపిస్తుంది. జిడ్డు, వాసన సంగతులు ఇప్పటికే ఎందరో రాశారు. మూత తీసి పిండితే ఇటుక పొడి కలిపిన ముద్దలా వచ్చే ఈ క్రీమును చూసి మొదటి రోజు ముఖం చిట్లించాను. ఇప్పుడు అది రాయకుండా పగటి వెలుగులో కూర్చోవడానికి మనసొప్పదు.

నాది ముదురు చామనఛాయ. బుగ్గల మీద మంగు వచ్చి ఆరేళ్లయింది. అందులో నాలుగేళ్లు రంగులేని సన్‌స్క్రీన్‌ను ఒక్క రోజు మానకుండా రాశాను. అయినా మచ్చలు ముదురుతూనే వచ్చాయి. ఎస్‌పీఎఫ్ కొలిచేది చర్మం ఎర్రగా కందిపోవడాన్ని, అంటే ప్రధానంగా ఎండలోని కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకమైన యూవీబీ చేసే పనిని. గొట్టం మీద పీఏ అనే అక్షరాల పక్కన ఉండే ప్లస్ గుర్తులు ఆ కిరణాల్లో మరో రకమైన యూవీఏ సంగతి చెబుతాయి. సుమారు 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర మొదలయ్యే, కంటికి కనిపించే వెలుగు గురించి ఆ రెండూ మౌనమే. మా వంటి చర్మాన్ని నల్లబరిచేది ఆ వెలుగు కూడా, అందులోనూ ఊదా, నీలి భాగం. 2010లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ కనిపించే వెలుగు సోకిన ముదురు చర్మాలు నల్లబడి, రెండు వారాల తర్వాత కూడా అలాగే ఉన్నాయి. తెల్లని చర్మాలకు ఆ మార్పే రాలేదు. నీలి వెలుగును పసిగట్టేది చర్మానికి రంగునిచ్చే కణాల్లోని ఆప్సిన్ 3 అనే ప్రొటీన్ అని 2018లో మరో బృందం చూపింది. ఇవన్నీ తెలిశాక నా కోపం చల్లారడానికి చాలా రోజులు పట్టింది. నాకు అవసరమైన రక్షణ గొట్టం మీది ఏ అంకెలోనూ లేదు మరి.

ఆ లోటు తీర్చేది ఈ క్రీముకు రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్. ఎరుపు, పసుపు, నలుపు ఆక్సైడ్‌లు కలిస్తేనే ఆ మట్టి రంగు వస్తుంది. సన్‌స్క్రీన్‌లలో వాడే జింక్, టైటానియం ఆక్సైడ్‌లు కూడా వెలుగును అడ్డుకోగలవు కానీ, ముఖం సున్నం పూసినట్టు కనిపించకూడదని వాటిని మరీ మెత్తగా నూరినప్పుడు కనిపించే వెలుగు చాలావరకు లోపలికి దిగిపోతుంది.

పదో నెలలో గొట్టం అయిపోయింది. నా ఛాయ ఎక్కడా దొరకలేదు. అదే కంపెనీది, అదే ఎస్‌పీఎఫ్, రంగు లేనిది తెచ్చుకున్నాను. ఆరు వారాలే కదా అనుకున్నాను. నేను పనిచేసే బల్లకు ఎడమ పక్కన పెద్ద కిటికీ ఉంది. అద్దం యూవీబీని దాదాపు ఆపేస్తుంది, యూవీఏను కొంత ఆపుతుంది, వెలుగును మాత్రం వదిలేస్తుంది. అయిదో వారంలో వీడియో కాల్‌లో మా అక్క, "నీ ఎడమ బుగ్గ మీద నీడ పడుతోందా, కాస్త ఇటు తిరగవే" అంది. తిరిగాను. నీడ కాదు. పది నెలల్లో పలచబడిన మచ్చ ఒక్క ఎడమ వైపే మళ్లీ చిక్కబడింది. కుడి బుగ్గ దాదాపు అలాగే ఉంది. ఆ రాత్రి రెండు బుగ్గల ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. రంగు చేసే మేలు ఎంతో నాకు అప్పుడు నిజంగా అర్థమైంది.

మొదటి నెలలో మాత్రం దీన్ని మరో కారణానికి మెచ్చుకున్నాను. మచ్చలను కప్పేస్తుంది, వేరే అలంకరణ అక్కర్లేదు అని తెలిసినవారందరికీ చెప్పాను. ఆ మెప్పే నన్ను పక్కదారి పట్టించింది. రంగు సరిపోగానే రాయడం ఆపేసేదాన్ని. ముఖానికీ మెడకూ రెండు వేళ్ల పొడవున రాయవలసిన క్రీము అందులో సగం కూడా పడేది కాదు. కొలత ప్రకారం రాస్తే దవడ దగ్గర ఎర్రని గీత తేలుతుంది, కాలరుకు మరక అంటుతుంది. మా అక్కది నాకంటే ముదురు ఛాయ. ఉన్న మూడు ఛాయల్లో ఏది రాసినా ఆమె ముఖం బూడిద పూసినట్టు ఉంటుంది. ఈ రక్షణ అత్యవసరమైనవారికే ఛాయ లేకపోవడం నాకు బాధ కలిగిస్తోంది. ఆక్సైడ్‌లు ఎంత శాతం ఉన్నాయో కూడా గొట్టం మీద రాయలేదు.

ఫోను తెరల వెలుగుకు భయపడి దీన్ని కొనాలనుకునేవారికి ఒక మాట. పగటి వెలుగుతో పోలిస్తే తెరల వెలుగు చాలా తక్కువ. నా బాధ కిటికీతోనే.

మచ్చలు పోలేదు, పలచబడ్డాయి. చర్మవైద్యురాలు ఇచ్చిన రాత్రి క్రీము కూడా ఈ 14 నెలలూ వాడాను కాబట్టి ఫలితమంతా దీనిదే అనను. గర్భధారణ, హార్మోన్ మాత్రలు, వేడి వల్ల మంగు పెరిగేవారి అనుభవం వేరుగా ఉండవచ్చు. ఈసారి రెండు గొట్టాలు ముందే తెచ్చిపెట్టుకున్నాను. గత నెల కుర్చీని కూడా కిటికీకి దూరంగా జరిపాను. అందువల్ల ఇకమీద కనిపించే మార్పులో క్రీముది ఎంత, కుర్చీది ఎంత అంటే నేను విడదీసి చెప్పలేను.