దుప్పట్లకు అద్దె, కరెంటుకు మీటరు: సోమ్ పొలాల్లో నాలుగు రోజులు

ముందు ఆ ఇంటి సంగతి చెప్పేయాలి. అది కక్కేస్తే గానీ సమాధుల గురించి రాయడానికి చెయ్యి కదిలేలా లేదు.

అక్టోబర్‌లో నేను, మా ఆవిడ, మామయ్య పారిస్‌లో కారు అద్దెకు తీసుకుని ఉత్తరాన సోమ్ వైపు వెళ్లాం. మొదటి ప్రపంచయుద్ధం జరిగిన పొలాలు చూడాలన్నది మామయ్య కోరిక. ఆయన సైన్యంలో బండ్లు, యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగంలో హవల్దారుగా రిటైరై తిరుమలగిరిలో స్థిరపడ్డారు. సర్వీసులో కొన్నాళ్లు డెక్కన్ హార్స్ అనే రెజిమెంట్ వాళ్ల ట్యాంకులకు రిపేర్లు చేశారట. "మాకు ట్యాంకులు రాకముందు గుర్రాలుండేవి, వాటితో ఫ్రాన్స్‌లో దాడి చేశాం" అని అక్కడొక సుబేదారు గొప్పగా చెప్పిన మాట ఈయన బుర్రలో అలాగే ఉండిపోయింది.

ఆల్బెర్ ఊరికి దగ్గర్లో ఒక పల్లెలో పాత ఇటుకల ఇల్లు బుక్ చేశాను. ఇలాంటి ఇళ్లను అక్కడ జీత్ అంటారు. రాత్రికి 85 యూరోలు, మూడు రాత్రులకు 255. వంటిల్లు ఉంది, ముగ్గురికీ చాలు, చవకే కదా అని మురిసిపోయాను. వెళ్లి చూస్తే మంచాల మీద ఉత్త పరుపులు! దుప్పట్లు కావాలంటే మనిషికి 12 యూరోలు. అంటే 36. వెళ్లేటప్పుడు ఇల్లు కడిగినందుకు 60. హీటరు కరెంటు మీటరు ప్రకారం యూనిట్‌కు 30 సెంట్లు. ఇవన్నీ బుకింగ్ పేజీలో అట్టడుగున ఫ్రెంచ్‌లో ఉన్నాయని ఆ ఇంటావిడ ఫోన్‌లో అనువాదం చేయించి మరీ చూపించింది. ఉన్న మాట నిజమే. చదవకపోవడం నా తప్పే. మా ఆవిడ నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

అసలు కథ నాలుగో రోజు పొద్దున. ఇంటావిడ చీటీ తెచ్చింది: 238 యూనిట్లు, 71 యూరోల 40 సెంట్లు. మూడు రాత్రులకు! నేను పర్సు తీస్తుంటే మామయ్య "ఆగు అల్లుడూ" అని జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశారు. మొదటి రోజు సాయంత్రం మేం టీ పెట్టుకుంటుంటే ఈయన టార్చి పట్టుకుని మెట్ల కిందకు దూరి మీటరు రీడింగ్ రాసుకున్నారు. తేదీ, టైముతో సహా. ఆయన లెక్క ప్రకారం 142 యూనిట్లు, 42 యూరోల 60 సెంట్లు. మాకంటే ముందు దిగినవాళ్ల కరెంటు కూడా మా నెత్తిన రుద్దారన్నమాట. ఆవిడ కాసేపు ఆ తెలుగు అంకెల పక్కన రాసిన ఇంగ్లీష్ అంకెల్ని చూసి, భుజాలెగరేసి, చీటీ కొట్టేసి కొత్తది రాసింది. క్షమించమని మాత్రం అనలేదు. అన్నీ కలిపి 393 యూరోల 60 సెంట్లయింది. 85 అనుకున్న రాత్రి 131 పడింది. ఆల్బెర్‌లోనో ఆరాస్‌లోనో మామూలు హోటల్ తీసుకోండి, హాయిగా ఉంటుంది. జీత్ తీసుకుంటే మాత్రం దిగగానే మీటరుకు ఫోటో తీసుకోండి.

తిండి విషయంలోనూ ఒక దెబ్బ తిన్నాం. పల్లెల్లో మధ్యాహ్నం రెండు దాటితే వంటిళ్లు మూసేస్తారు. రెండుంపావుకు వెళ్లి బతిమాలినా పెట్టరు. ఆకలికి తట్టుకోలేక రోడ్డు పక్క బండి దగ్గర బంగాళాదుంప ఫ్రైలు కొన్నాం, మూడు పొట్లాలు 10 యూరోల 50 సెంట్లు. కరకరలాడుతూ అద్భుతంగా ఉన్నాయి. సగం తిన్నాక మా ఆవిడకు అనుమానమొచ్చి అడిగింది. ఆ ప్రాంతంలో పాత పద్ధతిలో గొడ్డు కొవ్వులో వేయిస్తారట. ఆ పూట కారులో ఎవరూ మాట్లాడలేదు. అక్కడి నుంచి పారిస్ దాకా బేకరీ రొట్టె, మేం తెచ్చుకున్న ఆవకాయే గతి. ఎప్పుడూ పచ్చడి వద్దనే మామయ్య కూడా సీసా అడుగు గీకారు.

ఇక వచ్చిన పని. విమీ గుట్ట మీద కెనడా స్మారకం, తీప్వాల్ తోరణం ఒకే రోజు చూశాం, రెండూ బాగున్నాయి. తీప్వాల్‌లో సమాధి దొరకని 72 వేల పైచిలుకు మంది పేర్లున్నాయి. కట్టింది ఢిల్లీలో ఇండియా గేటు కట్టిన లటియన్సే. నోత్రదాం ద లొరెత్ దగ్గరి పేర్ల వలయం అనే స్మారకం మాత్రం వదలొద్దు. 2014లో తెరిచారు, టికెట్ లేదు. ఆ ఉత్తర జిల్లాల్లో చనిపోయిన 5,79,606 మంది పేర్లు దేశం, హోదా చూడకుండా అక్షరక్రమంలో రాశారు. జర్మన్ పక్కన ఇంగ్లీషువాడు, పక్కనే మనవాడు. సింగ్‌ల దగ్గరికొచ్చేసరికి వరసలకు వరసలు ఒకటే పేరు. మా ఆవిడ అక్కడ చాలాసేపు నిలబడింది. ఫ్రైల కోపం అక్కడే పోయిందనుకుంటాను.

మామయ్య చూడాలనుకున్న చోటు లాంగ్‌వాల్ ఊరి దగ్గర, ఇంగ్లీషువాళ్లు హై వుడ్ అనే చిన్న అడవి పక్కన. 1916 జులై 14 సాయంత్రం సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్‌లోని 20వ డెక్కన్ హార్స్, ఒక ఇంగ్లీషు రెజిమెంట్‌తో కలిసి, బల్లేలు పట్టుకుని ఇక్కడి గోధుమ చేలల్లో గుర్రాలు దౌడు తీయించారు. మెషిన్‌గన్‌ల కాలంలో బల్లేలు! పైరులో దాక్కున్న జర్మన్లను కొందరిని పొడిచారు, కొందరిని పట్టుకున్నారు, రాత్రంతా ఆ చోటు కాపాడి తెల్లవారకముందే వెనక్కి వచ్చేశారు. ఆ అడవి చేతికి రావడానికి సెప్టెంబర్ 15 దాకా పట్టింది. అన్నట్టు రెజిమెంట్ పేరు మనదే గానీ అందులో ఎక్కువమంది సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు. మన తెలుగువాళ్ల వీరగాథ అని ఎవరైనా ఊదరగొడితే నమ్మకండి.

అడవి ప్రైవేటు ఆస్తి, లోపలికి పోనివ్వరు. అవతల రోడ్డు పక్కన లండన్ సెమెటరీలో 3,800కు పైగా సమాధులు, వాటిలో ఎక్కువ భాగం పేరు లేనివి. దున్నిన నేల తప్ప చూడ్డానికి ఏమీ లేదు. మామయ్య ఆ గట్టు మీద నిలబడి ఏటవాలు చూశారు, మట్టి చేత్తో నలిపి చూశారు, "గుర్రానికి ఈ నేల కష్టం" అన్నారు. అంతే. పొలం గట్టున తుప్పు పట్టిన ఫిరంగి గుండొకటి కనిపించింది. రైతులు దున్నేటప్పుడు ఇప్పటికీ బయటపడుతుంటాయి, తీసి రోడ్డు పక్కన పెడతారు. ఫోటో కోసం వంగబోతే మామయ్య నా కాలరు పట్టి లాగారు. మీరూ ముట్టుకోకండి, అవి ఇంకా పేలతాయి.

విలే గిస్లాన్‌లో మన ప్రభుత్వం కట్టిన స్మారకం కూడా ఉంది. 2018 నవంబర్‌లో మన వెంకయ్యనాయుడు ఉపరాష్ట్రపతిగా వచ్చి ప్రారంభించారు. టైము చాలక వెళ్లలేదు, కరెంటు బిల్లు పంచాయితీలో గంట పోయింది మరి.

చివరి మధ్యాహ్నం నవ్ షపెల్ పల్లె దగ్గరి భారతీయ సైనికుల స్మారకం. 1915 మార్చి 10న ఇక్కడ జర్మన్ల మీద బ్రిటిష్‌వాళ్లు చేసిన దాడిలో సగం సైన్యం మనదే. నాలుగు రోడ్ల కూడలిలో, కూరగాయల పొలాల మధ్య, సాంచీ కటకటాల లాంటి రాతి గోడ, తామర తలతో 15 మీటర్ల స్తంభం, రెండు పులులు. పాత పార్లమెంటు భవనానికి లటియన్స్‌తో పాటు పనిచేసిన హెర్బర్ట్ బేకర్ దీన్ని గీశాడు, 1927లో తెరిచారు. సమాధి దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు రెజిమెంట్ల వారీగా ఉన్నాయి. మేమున్న గంటన్నరలో ఇంకో మనిషి రాలేదు. గడ్డి మాత్రం నిన్ననే కోసినట్టుంది.

డెక్కన్ హార్స్ పేర్ల దగ్గర మామయ్య కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఒక్కొక్కటీ తడుముతూ మెల్లగా పైకి చదివారు. కొన్నిటిని నోటుబుక్కులోకి ఎక్కించుకున్నారు, ఆ మీటరు లెక్క ఉన్న పేజీ వెనకే. గోడలో చిన్న ఇత్తడి తలుపు తీస్తే సందర్శకుల పుస్తకం ఉంది. ఊరి పేరు దగ్గర తెలుగులో "తిరుమలగిరి, సికింద్రాబాద్" అని రాశారు. వీళ్లకు అర్థం కాదు కదా మామయ్యా అంటే, "వీళ్ల కోసం రాయలేదులే, పద, చీకటి పడితే నువ్వు కుడి వైపు సరిగ్గా తోలవు" అన్నారు.