రిలాక్సిన్ టెస్ట్ కిట్: ఆరేళ్ల తర్వాత, పడని గీత గురించి

ఆడకుక్క చూడి కట్టిందో లేదో రక్తంలోని రిలాక్సిన్ అనే హార్మోన్‌ను బట్టి చెప్పే కిట్ ఇది. రిలాక్సిన్ ఉంటే పట్టీ మీద గీత పడుతుంది. రక్తం ఎన్ని చుక్కలు వెయ్యాలి, ఎన్ని నిమిషాలు ఆగాలి అనేవి కిట్ పెట్టెలోని కాగితం మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. ఆరేళ్లలో మూడు ఆడకుక్కలకు పద్నాలుగు సార్లు ఈ టెస్ట్ చేయించాను. మధ్యలో కంపెనీ మార్చినా లోపల జరిగే పని ఒకటే. ఈ కిట్ మీద నాకు ప్రేమ పుట్టింది ఒకసారి గీత పడనందుకే. నెలల తరబడి నిద్ర పట్టనివ్వనిదీ, ఇంకోసారి పడని గీతే.

ముందు ప్రేమ సంగతి. మా గంగ ఎదలో ఉన్నప్పుడు ఓ మగకుక్క గోడ దూకి లోపలికి వచ్చింది. జత కట్టిందో లేదో ఎవరం చూడలేదు. ఏడో వారానికి గంగ చన్నులు ఉబ్బాయి, నొక్కితే పాలు వచ్చాయి. పాత దుప్పట్లన్నీ ఒక మూలకు లాక్కుపోయి గూడు చేసుకుంది. రబ్బరు బొమ్మను పొట్ట కింద పెట్టుకుని, దగ్గరికి వెళ్తే గుర్రుమనేది. చూసినవాళ్లంతా చూడి కట్టిందనే అన్నారు. నేనూ అదే అనుకున్నాను. టెస్ట్ చేస్తే, పట్టీ సరిగ్గా పనిచేస్తోందని చూపే కంట్రోల్ గీత ఒక్కటే పడింది. నమ్మకం కుదరక వారం తర్వాత మళ్లీ చేయించాను, మళ్లీ అంతే. స్కానింగ్‌లో గర్భసంచి ఖాళీగా కనిపించింది. అది ఫాల్స్ ప్రెగ్నెన్సీ.

కళ్లకు కనిపించే గుర్తులన్నీ ఉన్నా కిట్ మోసపోకపోవడం నన్ను ఆశ్చర్యపరిచింది. కారణం తెలిశాక దాని మీద గౌరవం ఇంకా పెరిగింది. ఆడకుక్క ఒంట్లో ఎద తర్వాత ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ సుమారు రెండు నెలలు ఎక్కువగానే ఉంటుంది, కడుపులో పిల్లలు ఉన్నా లేకపోయినా. అది తగ్గేటప్పుడు పాలు పట్టించే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. అందుకే పిల్లలు లేని కుక్క కూడా తల్లిలా ప్రవర్తిస్తుంది, ప్రొజెస్టెరాన్ పరీక్షతో కడుపు సంగతి తేలదు. రిలాక్సిన్ దారి వేరు. కుక్కల్లో అది ప్రధానంగా మావి నుంచి వస్తుంది. మావి లేకపోతే ఆ హార్మోన్ రక్తంలో కిట్ పట్టుకునేంత ఉండదు. చూడి గినీ పందుల రక్తరసంలో కటి ఎముకలను కలిపి ఉంచే బంధాలను వదులు చేసే పదార్థం ఏదో ఉందని ఫ్రెడరిక్ హిసా అనే శాస్త్రవేత్త 1926లో గుర్తించాడు, అదే ఇది.

పట్టీ పనితీరు కరోనా రోజుల్లో అందరం చూసిన యాంటీజెన్ టెస్ట్ లాంటిదే. ఇక్కడ యాంటీజెన్ అంటే క్రిమి కాదు, రిలాక్సిన్. రంగు రేణువులు అతికించిన యాంటీబాడీలు రక్తంతో పాటు పట్టీ మీద కదులుతూ రిలాక్సిన్ కనిపిస్తే పట్టుకుంటాయి. గీత పడాల్సిన చోట కదలకుండా అతికించి ఉన్న ఇంకో జట్టు యాంటీబాడీలు ఆ రిలాక్సిన్‌ను రెండో వైపు నుంచి పట్టి ఆపేస్తాయి. రంగంతా అక్కడ పోగై గీతగా కనిపిస్తుంది. మనుషుల ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్‌తో చూడకూడదా అని చాలామంది అడుగుతారు. అది వెతికేది హెచ్‌సీజీని, కుక్కలు ఆ హార్మోన్‌ను తయారుచెయ్యవు. ఎన్నిసార్లు చేసినా దండగే.

గంగ విషయం చూశాక, గీత పడలేదంటే లేనట్టే అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఆ మాటను ఇప్పుడు సరిదిద్దుకోవాలి.

చంద్రికి మేమే చూసి జత కట్టించాం, రెండు రోజుల తేడాతో రెండుసార్లు. నా కిట్‌లోని కాగితం క్రాసింగ్ అయిన నాలుగు వారాల తర్వాత టెస్ట్ చెయ్యమంది. మొదటి క్రాసింగ్ నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుని, సరిగ్గా 28వ రోజు పొద్దున్నే రక్తం తీయించాను. కంట్రోల్ గీత చక్కగా పడింది, పక్కన ఏమీ లేదు. పట్టీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాను. లేదు. మళ్లీ టెస్ట్ చెయ్యలేదు, స్కానింగ్‌కూ తీసుకెళ్లలేదు. గంగ విషయంలో ఈ కిట్ చెప్పిందే నిజమైంది కదా అన్న ధీమా నాది.

తొమ్మిదో వారంలో చంద్రి దుప్పట్లు లాగడం మొదలుపెట్టింది. పొట్ట పెద్దగా పెరగలేదు. గంగ చేసినట్టే చేస్తోంది, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందని ఇంట్లోవాళ్లకు నేనే చెప్పాను. ఇంకో వారం గడిచింది. ఒక రాత్రి తిండి ముట్టకుండా, ఒకచోట నిలవకుండా రొప్పుతూ తిరుగుతోంది. పడుకున్న చోట ముదురాకుపచ్చ మరక కనిపించింది. ఆ రంగుకు అర్థం నాకు అప్పుడు తెలియదు. మావి గర్భసంచి గోడ నుంచి విడిపోతున్నప్పుడు వచ్చే స్రావం అది. అది కనిపించాక మొదటి పిల్ల త్వరగా బయటికి రాకపోతే ఆగకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. నేను మాత్రం ఏదైనా ఇన్‌ఫెక్షన్ ఏమో, తెల్లవారాక చూద్దాం అనుకున్నాను. ఆ కొన్ని గంటలు ఇప్పటికీ నన్ను వదలవు.

ఎక్స్‌రేలో ఒకే ఒక పిల్ల, చాలా పెద్దది. ఆపరేషన్ చేశారు. చంద్రి బతికింది, పిల్ల దక్కలేదు.

డాక్టర్ గారు తర్వాత కూర్చోబెట్టి చెప్పినవి ముందే తెలిసి ఉంటే బాగుండేది. కుక్కల్లో వీర్యకణాలు ఆడకుక్క ఒంట్లో వారం దాకా బతికి ఉండగలవు. అండం విడుదలయ్యాక కూడా ఫలించేలా పండటానికి రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి క్రాసింగ్ తేదీకీ అసలు కడుపు పడిన రోజుకూ వారం తేడా ఉండొచ్చు. నా 28వ రోజు లోపలున్న పిండానికి మూడు వారాల వయసే కావచ్చు. పైగా పిల్ల ఒక్కటే కాబట్టి మావి కూడా ఒక్కటే, రిలాక్సిన్ తక్కువ. కాన్పు మొదలవ్వాలనే సంకేతం కడుపులోని పిల్లల ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ నుంచి వస్తుంది. ఒక్క పిల్లే ఉంటే ఆ సంకేతం బలంగా ఉండకపోవచ్చు. రోజులు దాటుతాయి, పిల్ల ఇంకా పెరిగి దారికి పట్టదు. చంద్రి విషయంలో బహుశా ఇదే జరిగిందన్నారు.

తప్పులో సగం నాది, ఒప్పుకుంటాను. మిగతా సగం గురించి మాత్రం నా కోపం ఇంకా తగ్గలేదు. పది నిమిషాల్లో ఫలితం అని పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేశారు. గీత పడకపోతే వారం తర్వాత మళ్లీ చెయ్యాలి అన్న ముక్క కాగితం వెనకవైపు, సన్నటి అక్షరాల్లో చివరి వరుసలో ఉంది. ముందు ఉండాల్సిన మాట అది. లెక్క క్రాసింగ్ నుంచి కాకుండా అండం విడుదలైన రోజు నుంచి అయితే నమ్మకంగా ఉంటుందని కాగితంలో ఎక్కడా లేదు.

గీత పడినప్పటి సంగతి కొంత నయం, అయినా అదీ పూర్తి భరోసా కాదు. గీత ముదురుగా ఉంటే పిల్లలు ఎక్కువని కొందరంటారు, నా అనుభవంలో అలా ఏమీ లేదు. ఒకసారి గీత పడింది, పది రోజుల తర్వాత స్కానింగ్‌లో పిండాలు కరిగిపోయి ఉన్నాయి. కరిగిపోయాక కూడా కొన్నాళ్లు రిలాక్సిన్ రక్తంలో మిగిలి ఉండొచ్చట. ఇంకోసారి రక్తం తీసేటప్పుడు కణాలు పగిలి, పట్టీ అంతా ఎర్రబారి ఏమీ తెలియలేదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. ఎద అయిన కొన్ని వారాలకు కుక్క నీళ్లు ఎక్కువగా తాగుతూ, నీరసంగా, పొట్ట ఉబ్బి కనిపిస్తే, గీత పడలేదని ఇంకో వారం ఆగకండి. గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు, ఈ పట్టీకి అది తెలియదు. అప్పుడు ప్రతి రోజూ ప్రాణంతో సమానం.

ఇంత చెప్పి కూడా కిట్ మానలేదు. మాకు స్కానింగ్ దూరం, రక్తం తీసే డాక్టర్ దగ్గర. గంగకు ప్రయాణం అంటే చచ్చేంత భయం కూడా. మీకు స్కానింగ్ అందుబాటులో ఉంటే నాలుగు వారాల తర్వాత నేరుగా అదే చేయించండి, పిల్లల గుండె కొట్టుకోవడం కళ్లతో చూడొచ్చు. ఈ కిట్ అవసరం కూడా రాదేమో. నాలాంటి పరిస్థితి ఉన్నవాళ్లు మాత్రం ఎదలోనే ప్రొజెస్టెరాన్ పరీక్షలతో అండం విడుదలైన రోజు తెలుసుకుంటే మంచిది. అక్కడి నుంచి కాన్పు 63 రోజులకు ఒకటి రెండు రోజుల తేడాలో వస్తుంది, కిట్ వాడే రోజు కూడా అక్కడి నుంచే లెక్కపెట్టుకోవచ్చు. నేను 30వ రోజు చేయిస్తున్నాను. గీత పడితే స్కానింగ్, చివర్లో 55 రోజులు దాటాక పిల్లల లెక్క కోసం ఎక్స్‌రే. పడకపోతే వారం తర్వాత ఇంకో కిట్.

చంద్రికి ఆ తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు మూడోదాని వంతు. నిన్న 30వ రోజు, గీత పడలేదు. రెండో కిట్ ఫ్రిజ్‌లో ఉంది, వచ్చే బుధవారం డాక్టర్ గారిని రమ్మన్నాను.