ఆయిలా, అక్రిలిక్కా: ఒకే బ్యారేజీ, రెండు కాన్వాసులు

ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రపు వెలుగుని రెండుసార్లు వేశాను, ఒకసారి నూనెతో కలిపే ఆయిల్ రంగుల్లో, ఒకసారి నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగుల్లో. పెన్సిల్ స్కెచ్ దాకా రెండూ ఒకటే. 70 గేట్లూ లెక్కపెట్టి గీయాలనుకోకండి, దూరం పోయేకొద్దీ ఉత్త గీతలైపోతే చాలు.

అసలు తేడా రంగు ఎంతసేపు తడిగా ఉంటుందన్న దాంట్లోనే. మే నెల విజయవాడలో ఫ్యాన్ కింద అక్రిలిక్ ప్యాలెట్ మీదే ఎండిపోతుంది. ఆకాశం నారింజ నుంచి బూడిదలోకి జారే చోట నీళ్లు స్ప్రే చేసుకుంటూ పరుగే పరుగు. పైగా ఆరాక రంగు కాస్త ముదురుతుంది. నా కృష్ణ నీళ్లు అలాగే నల్లబడ్డాయి. ఆయిల్‌లో అదే చోటుని మర్నాడు పొద్దున కూడా పొడి బ్రష్‌తో మెత్తగా కలిపాను. కానీ కింది పొరలో రంగుని పల్చన చేసే టర్పెంటైన్ ఎక్కువ, పై పొరల్లో లిన్‌సీడ్ (అవిసె) నూనె ఎక్కువ ఉండాలి. ఈ వరస తిరగేస్తే తర్వాత పగుళ్లొస్తాయి. ఆ టర్పెంటైన్ వాసనకి ఇంట్లో గొడవ, అది వేరే సంగతి.

అక్రిలిక్ బొమ్మ రెండు రోజుల్లో అయిపోయింది. ఆయిల్‌కి మూడు వారాలు పట్టింది, చివర్లో రక్షణకి పూసే వార్నిష్‌కి ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఆర్డర్ తొందరగా ఇవ్వాలంటే అక్రిలిక్కే. ఆకాశం ముఖ్యమైతే మాత్రం నా ఓటు ఆయిల్‌కే.