తగ్గితే సబ్‌సైడ్ అనొచ్చా? నర్సుల చేతికి ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ

హాస్పిటల్లో పనిచేసేవాళ్ల కోసం, ముఖ్యంగా హైదరాబాద్‌లో ఉండి ఓఈటీకి (విదేశాల్లో పనిచేయాలనుకునే వైద్య సిబ్బంది రాసే ఇంగ్లీష్ పరీక్ష) చదువుకుంటున్న సిస్టర్స్ కోసం రాస్తున్నా. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ కొనుక్కోండి. ఇంట్లో ఇంగ్లీష్-తెలుగు పాకెట్ డిక్షనరీ ఉంది కదా, ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ యాప్ ఉంది కదా అని ఆగకండి. అవి అర్థం చెప్తాయి, కానీ ఆ మాట దేనితో కలుస్తుందో, దేనితో కలవదో చెప్పవు, మనకి ఇబ్బందంతా అక్కడే వస్తుంది.

సబ్‌సైడ్ అనే మాటే తీసుకోండి, కేస్ షీట్లలో రోజూ రాస్తాం. పాకెట్ డిక్షనరీలో 'తగ్గు, శాంతించు, కుంగు' అని ఉంటుంది, అక్కడితో అయిపోతుంది. తెలుగులో తగ్గనిదేముంది? జ్వరం తగ్గుతుంది, వాపు తగ్గుతుంది, మనిషి బరువు తగ్గుతాడు, బంగారం రేటు తగ్గుతుంది, మూసీలో వరద తగ్గుతుంది. ఇంగ్లీష్‌లో వీటన్నిటికీ సబ్‌సైడ్ పనికిరాదు. జ్వరానికి, వాపుకి, వరదకి సరిపోతుంది, గాలివానకి, కోపానికి, హాల్లో చప్పట్లకి కూడా సరిపోతుంది. అంటే ఉన్నట్టుండి ఎగసిన బాధో హోరో మెల్లగా మామూలు స్థితికి దిగడం అన్నమాట. బరువుకి, ధరకి, బీపీ రీడింగ్‌కి అది నప్పదు. ఈ తేడా డిక్షనరీలో రూల్‌గా రాసి ఉండదు, కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు వరసగా చదివితే మనకే తెలిసిపోతుంది. అందుకే అర్థం ఒక్కటే చూసి పుస్తకం మూసేయొద్దని మా జూనియర్స్‌కి చెప్తుంటాను.

డెంగీ సీజన్లో ఇది ఉత్త గ్రామర్ సంగతి కాదు. పేషెంట్‌కి జ్వరం తగ్గుతుంది, అదే సమయంలో ప్లేట్‌లెట్లూ తగ్గుతుంటాయి. తెలుగులో రెండింటికీ ఒకటే మాట, అందులో ఒకటి వినడానికి శుభవార్త, రెండోది టెన్షన్. డెంగీలో ప్రమాద దశ చాలాసార్లు జ్వరం దిగే సమయానికే, మూడు నుంచి ఏడో రోజు మధ్యలో మొదలవుతుందని మనకి తెలుసు, ఆ 24 నుంచి 48 గంటలు కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం ఉన్నాయేమో కనిపెట్టుకుని ఉండాలి. అలాంటప్పుడు హ్యాండోవర్‌లో (డ్యూటీ మారేటప్పుడు రాసిచ్చే రిపోర్ట్‌లో) 'ఫీవర్ సబ్‌సైడెడ్' అని వేరుగా, 'ప్లేట్‌లెట్స్ డ్రాప్డ్' అని వేరుగా అంకెతో సహా రాయాలి. రెండింటికీ కలిపి సబ్‌సైడెడ్ అని రాస్తే చదివే డ్యూటీ డాక్టర్‌కి అంతా కుదుటపడినట్టు అనిపిస్తుంది.

ఇంకోటి, ఈ డిక్షనరీలో ఈ మాట పక్కన ఇంట్రాన్సిటివ్ (అకర్మక క్రియ) అని ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి చదువుతారు, నా మటుకు పుస్తకానికి పెట్టిన డబ్బంతా ఆ ఒక్క గుర్తుకే చెల్లు. మనం తగ్గుకి 'ఇంచు' తగిలిస్తే తగ్గించు అయిపోతుంది, అలవాటుకొద్దీ 'టాబ్లెట్ సబ్‌సైడెడ్ ద పెయిన్' అని రాసేస్తాం. అది కుదరదు, నొప్పి తనంతట తాను సబ్‌సైడ్ అవుతుంది గానీ టాబ్లెట్ దాన్ని సబ్‌సైడ్ చేయదు. టాబ్లెట్ గురించి చెప్పాలంటే రిలీవ్డ్ అనో రెడ్యూస్డ్ అనో రాయాలి, జ్వరమైతే బ్రాట్ డౌన్.

మాట్లాడేటప్పుడు సంగతి వేరే. "అక్కా, రోల్ ప్లేలో పేషెంట్‌ని సబ్‌సైడ్ అయిందా అని అడగొచ్చా?" అని ఓఈటీ రాసే పిల్లలు అడుగుతుంటారు. తప్పు కాదు గానీ మంచం పక్కన నిలబడి అడిగే మాటలా ఉండదమ్మా, కొంచెం రాతలో మాటలా ఉంటుంది. వాపు గురించైతే 'హ్యాజ్ ఇట్ గాన్ డౌన్' అని, నొప్పి గురించైతే 'హ్యాజ్ ఇట్ ఈజ్డ్' అని అడగండి. సబ్‌సైడ్‌ని రైటింగ్‌లో వచ్చే రెఫరల్ లెటర్‌కి దాచుకోండి, అక్కడ చక్కగా కుదురుతుంది.

నేల, కట్టడాలు కుంగడం అనే అర్థం కూడా విడిగా ఇచ్చారు. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయని మన పేపర్లు రాసినప్పటి ఆ కుంగడం లాంటిదే. బొగ్గు గనుల వాళ్లకి సబ్‌సిడెన్స్ అనే మాట బాగా తెలుసు, కింద బొగ్గు తీసేశాక పైన నేల దిగబడటం. పలికేటప్పుడు సబ్‌సైడ్‌లో 'సైడ్'ని ఒత్తాలి, గ్యాస్ సబ్సిడీలోలా మొదట్లో కాదు. ఈ డిక్షనరీ వెబ్‌సైట్‌లో బ్రిటిష్, అమెరికన్ ఆడియో రెండూ ఉచితంగానే వినొచ్చు.

జపాన్‌లో ఇంగ్లీష్ పాఠాలు చెప్పిన హార్న్‌బీ, తోటివాళ్లతో కలిసి నేర్చుకునేవాళ్ల కోసమే ఈ డిక్షనరీని తయారుచేశాడు, మొదట 1942లో టోక్యోలో అచ్చయింది. వివరణలు తేలిక మాటల్లోనే ఉంటాయి కాబట్టి తెలుగు మీడియంలో చదివిన వాళ్లకీ అందుతాయి. కానీ తెలుగు అర్థాలు ఉండవు, మొదట్లో కొన్నాళ్లు పాకెట్ డిక్షనరీ పక్కన పెట్టుకోక తప్పదు. వెయ్యిన్నర పేజీలు దాటిన పుస్తకం, డ్యూటీకి మోసుకెళ్లలేరు, ఇంట్లో ఉంచండి, వార్డులో ఫోన్‌లో వెబ్‌సైట్ చూసుకోండి.

కొత్తదానికి డబ్బులు చూసుకోవాలంటే కోఠీ సెకండ్ హ్యాండ్ షాపుల్లోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో వెతకండి. ఇలాంటి మాటలకి పాత ఎడిషన్ అయినా పర్లేదు. కొనేముందు ఎస్ అక్షరం దగ్గర తెరిచి సబ్‌సైడ్ పేజీ చూడండి, ఉదాహరణ వాక్యాలు లేకపోతే అది పేరు పోలిన వేరే చిన్న డిక్షనరీ కావచ్చు, తీసుకోకండి.