కంటైనరా, వర్చువల్ మెషీనా: 8 జీబీ ల్యాప్‌టాప్‌కి ఏది మేలు?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు కంప్యూటర్ కోర్సులు చదివే మన తెలుగు పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. చేతిలో 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, నెట్‌కి ఫోన్ హాట్‌స్పాట్. రోజువారీ ప్రాక్టీసుకైతే కంటైనరే మేలంటాను.

వర్చువల్ మెషీన్ అంటే మీ కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్. వర్చువల్‌బాక్స్ లాంటి హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లని నడిపే ప్రోగ్రామ్) దానికో డిస్కు, నెట్‌వర్క్ కార్డు ఉన్నట్టు చూపిస్తుంది. దానిమీద పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ సొంత కెర్నల్‌తో (హార్డ్‌వేర్‌ని నడిపే గుండెకాయ లాంటి భాగం) బూట్ అవుతుంది. ఉబుంటు లినక్స్ డెస్క్‌టాప్ దించుకోవడానికే ఐదారు జీబీ డేటా ఖర్చు. నడపడానికి 4 జీబీ ర్యామ్ ఇస్తే, విండోస్‌కీ బ్రౌజర్‌కీ మిగిలేది సగమే.

కంటైనర్‌కి వేరే కెర్నల్ ఉండదు. అదొక మామూలు ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్. కాకపోతే నేమ్‌స్పేస్‌ల వల్ల దానికి బయటి ప్రాసెస్‌లు, ఫైళ్లు కనబడవు; ఎంత మెమరీ వాడాలో సీగ్రూప్‌లు హద్దు పెడతాయి. ఈ రెండు సదుపాయాలూ లినక్స్‌లో అప్పటికే ఉన్నవే. 2013లో వచ్చిన డాకర్ అనే కంటైనర్ సాధనం వాటిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. కళ్లారా చూడాలంటే లినక్స్ మీద ఆల్పైన్ (బాగా చిన్న లినక్స్) కంటైనర్ తెరవండి, దాని ఇమేజ్ (కంటైనర్‌కి కావలసిన ఫైళ్ల మూట) 10 ఎంబీ కూడా ఉండదు. లోపలా బయటా ‘యూనేమ్ -ఆర్’ (uname -r) కొట్టండి. రెండుచోట్లా ఒకే కెర్నల్ వెర్షన్ వస్తుంది.

లోటు కూడా అక్కడే. కెర్నల్ ఒకటే కాబట్టి మధ్యనున్న గోడ పలచన. 2019లో రన్‌సీలో (డాకర్ కంటైనర్లని మొదలుపెట్టే ప్రోగ్రామ్) బయటపడ్డ లోపంతో, కంటైనర్ లోపలి ప్రోగ్రామ్ హోస్ట్ (అసలు కంప్యూటర్) మీద రూట్, అంటే పూర్తి అధికారం సంపాదించే వీలు కలిగింది. అందుకే ఎక్కడిదో తెలియని ప్రోగ్రామ్‌ని పరీక్షించాలంటే వర్చువల్ మెషీనే వాడండి. జయపురంలో ఏ మందుల షాపులోనో పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో మొరాయిస్తుంటే, పాత విండోస్ వేసుకోవడానికీ అదే దారి.

విండోస్ వాడేవాళ్లకి ఇంకో మాట. అక్కడ డాకర్ డెస్క్‌టాప్ మామూలుగా, విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 మీద నడుస్తుంది, అదీ లోపల ఒక చిన్న వర్చువల్ మెషీనే. అయినా లాభమే: ఆ ఒక్కదాంట్లోనే మైఎస్‌క్యూఎల్, పైథాన్, వెబ్ సర్వర్ వేటి కంటైనర్‌లో అవి నడుస్తాయి. డబ్ల్యూఎస్ఎల్ సెట్టింగుల ఫైల్‌లో మెమరీని 3 జీబీకి కట్టేయండి, లేకపోతే అది ర్యామ్‌లో సగందాకా తీసుకోగలదు. మైఎస్‌క్యూఎల్ పెట్టేటప్పుడే పేరు పెట్టిన వాల్యూమ్ (డేటాని కంటైనర్ బయట దాచే చోటు) తగిలించండి. అది లేకుండా కంటైనర్ తీసేసి కొత్తది పెడితే, మీరు కష్టపడి నింపిన టేబుళ్లేవీ అందులో కనబడవు.